ఆ చందా ఎవరిదో ఓటు వేసే ముందే చెప్పండి

కేంద్ర న్యాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ముప్పై రెండేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఏ పార్టీలోనూ సభ్యుణ్ణి కాదు, ఏ పార్టీ మీదా నాకు ప్రత్యేకంగా కోపం లేదు. ఆదివారాలు గ్రంథాలయంలో ఏడెనిమిది మందిమి కూర్చుంటాం. పేపర్లు చదువుతాం, వాదించుకుంటాం. ఒక టీచరు, ఒక ఎలక్ట్రీషియన్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక అమ్మాయి, చిన్న చిన్న రోడ్డు పనులు చేయించే ఒక కాంట్రాక్టరు, ఇంకా ఇద్దరు ముగ్గురు. కంపెనీలు పార్టీలకిచ్చే డబ్బు గురించి మా మధ్య ఏళ్ల తరబడి సాగిన వాదన ఒక్క వారంలో ఎలా మారిపోయిందో, మళ్లీ ఎలా మొదటికొచ్చిందో మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. అది మళ్లీ మొదటికి రాకుండా చూడటం మీ చేతిలో ఉంది.

ఎలక్టోరల్ బాండ్లంటే, ఇచ్చినవాడి పేరు బయటపడకుండా పార్టీకి చందా ఇవ్వడానికి స్టేట్ బ్యాంకులో కొనే కాగితాలు. 2024 మార్చి 21న ఎన్నికల సంఘం ఆ బాండ్ల నంబర్లు బయటపెట్టింది. వందల పేజీల జాబితాలవి. అన్నీ కాదు గానీ, మాకు తెలిసిన కంపెనీల పేర్లున్న పేజీలు కొన్ని ప్రింట్ తీయించుకుని ఆ ఆదివారం బల్ల మీద పరిచాం. ఎడమ పక్క కొన్నవాళ్ల జాబితా, కుడి పక్క తీసుకున్న పార్టీల జాబితా. కోటి రూపాయల బాండు నంబరు ముందు ఓసీ అని, పది లక్షల దాని ముందు టీఎల్ అని ఉంటుంది. ఎలక్ట్రీషియన్ నంబరు పైకి చదివేవాడు, టీచరు గారు స్కేలు పెట్టి రెండో జాబితాలో వెతికేవారు, అమ్మాయి పెన్నుతో గీత గీసేది. ఇటు నంబరు అటు దొరికిన ప్రతిసారీ బల్ల చుట్టూ ఒక్క క్షణం మాటలాగిపోయేవి. ఫలానా రోజు ఫలానా కంపెనీ కొన్న బాండు ఇన్ని రోజులకు ఫలానా పార్టీ ఖాతాలో పడింది. అంతకుముందు ఊహగా, పుకారుగా ఉన్నదంతా తారీఖు, నంబరు, మొత్తంతో సహా కళ్ల ముందుంది.

అంతకు ముందు మా వాదన ఎలా ఉండేదంటే, ఒకరు ఒక పార్టీని అంటారు, ఇంకొకరు ఇంకో పార్టీని అంటారు, చివరికి ఎవరో ఒకరు "అందరూ అందరేలే సార్, తిలాపాపం తలా పిడికెడు" అంటారు. అక్కడితో చర్చ ముగిసేది. అందరూ ఒకటే అన్నాక ఇక మాట్లాడుకోవడానికి ఏముంటుంది? ఆ మాట అన్నవాళ్లను నేను తప్పుపట్టను. వివరం చేతిలో లేనప్పుడు మనిషికి మిగిలేది ఆ నిట్టూర్పే.

జాబితా వచ్చాక ఆ మాట నిలవలేదు. అందరూ ఒకటే కాదని తేలింది. 2019 ఏప్రిల్ నుంచి 2024 ఫిబ్రవరి దాకా బయటపెట్టిన లెక్కలో బీజేపీకి దాదాపు 6,060 కోట్లు చేరాయి. తృణమూల్‌కు 1,600 కోట్లకు పైగా, కాంగ్రెస్‌కు 1,400 కోట్లకు పైగా, బీఆర్ఎస్‌కు 1,200 కోట్లకు పైగా. వైఎస్సార్సీపీకి 330 కోట్లు దాటితే, తెలుగుదేశానికి 200 కోట్లు దాటాయి. బాండ్లు ముట్టుకోబోమని చెప్పి, ఆ పథకం మీద కోర్టుకెళ్లిన సీపీఎం కూడా ఈ దేశంలోని పార్టీయే. కొన్నవాళ్లలో అందరికంటే పైన 1,368 కోట్లతో ఒక లాటరీ కంపెనీ, ఫ్యూచర్ గేమింగ్. ఆ తర్వాత 966 కోట్లతో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్. నష్టాల్లో ఉన్న కంపెనీలు కూడా బాండ్లు కొన్నట్టు పత్రికలు లెక్కలు తీశాయి. ఎక్కడ అధికారంలో ఉన్న పార్టీకి అక్కడ ఎక్కువ, అధికారం పోతే తగ్గుదల. ఏ ఎండకా గొడుగు పట్టినట్టు డబ్బు కదిలిన తీరు ఆ కాగితాల్లో కనిపించింది.

అప్పుడు మా బల్ల దగ్గర అసలైన చర్చ మొదలైంది. ముందు బాండు వచ్చిందా, ముందు కాంట్రాక్టు వచ్చిందా? దర్యాప్తు సంస్థల దాడి జరిగాక కొన్నారా, కొన్నాక దాడి ఆగిందా? టీచరు గారు ఒక మాట అన్నారు. అది నాకు ఇప్పటికీ గుర్తుంది. "రెండు తారీఖులు పక్కపక్కన ఉన్నంత మాత్రాన లంచం అని తేలిపోదు. కానీ ఆ రెండు తారీఖులూ చూసే హక్కు మాత్రం నాకుంది" అన్నారామె. నిజమే. క్విడ్‌ప్రోకో, అంటే చందాకు బదులుగా మేలు, జరిగిందో లేదో తేల్చడానికి ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయమని అడిగితే 2024 ఆగస్టు 2న సుప్రీంకోర్టు కాదంది. ఆ తీర్పు మీద నాకు వేరే అభిప్రాయం ఉన్నా, ఇక్కడ దాని జోలికి పోను. నేను అడుగుతున్నది ఎవరినీ జైల్లో పెట్టమని కాదు. ఓటు వేసే వాడికి వేసే ముందు తెలియాలి అంటున్నాను, అంతే.

ఆ జాబితా కూడా మాకు ఊరికే రాలేదు. 2024 ఫిబ్రవరి 15న జస్టిస్ చంద్రచూడ్ నాయకత్వంలో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా బాండ్ల పథకాన్ని కొట్టేసింది. ఓటరు సమాచార హక్కుకు అది విరుద్ధమని చెప్పి, వివరాలు మార్చి 6 లోగా ఇవ్వమని స్టేట్ బ్యాంకును ఆదేశించింది. బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. కొన్నవాళ్ల వివరాలు ఒక చోట, పార్టీల వివరాలు ఇంకో చోట, సీల్డ్ కవర్లలో ఉన్నాయని, కలపడానికి టైం పడుతుందని చెప్పింది. జూన్ 30 అంటే లోక్‌సభ ఎన్నికలు అయిపోయి, ఓట్లు లెక్కపెట్టి, ప్రభుత్వం కూర్చున్నాక.

ఒక బ్యాంకు ఉద్యోగిగా ఆ రోజు నేను సిగ్గుపడ్డాను. కౌంటరు మూసే టైంకి పది రూపాయలు తేడా వస్తే, అది దొరికే దాకా ఇంటికి వెళ్లని రోజులున్నాయి మాకు. వోచర్లు ఒక్కొక్కటీ తిరగేసి, టిక్కులు పెట్టుకుంటూ, రాత్రి తొమ్మిదైనా సరే లెక్క తేల్చి తాళం వేసేవాళ్లం. అలాంటిది ఇరవై రెండు వేల పైచిలుకు బాండ్ల లెక్కకు నాలుగు నెలలా? మార్చి 11న కోర్టు ఆ అర్జీ కొట్టేసి మర్నాటికల్లా ఇమ్మంది. మర్నాటికల్లా ఇచ్చారు. నంబర్లు లేకుండా ఇస్తే, అవి కూడా ఇమ్మని మళ్లీ అడగాల్సొచ్చింది. చివరికి మార్చి 21న పూర్తిగా వచ్చాయి. తొలి విడత పోలింగ్ ఏప్రిల్ 19. అంటే మా చేతికి దొరికింది నాలుగు వారాలు. అది కూడా ఐదుగురు న్యాయమూర్తులు పట్టుబట్టి ఇప్పిస్తే.

ఇక ఇప్పటి సంగతి. బాండ్లు పోయాయి, పాత చట్టం నిలబడింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 29సి సెక్షన్ ప్రకారం 20,000 రూపాయలు దాటిన ప్రతి విరాళం వివరం పార్టీ ఎన్నికల సంఘానికి చెప్పాలి. మంచిదే. కానీ ఎప్పుడు చెప్పాలి? ఆర్థిక సంవత్సరం ముగిశాక, ఆదాయపన్ను రిటర్ను వేసే గడువులోగా. 2024 ఏప్రిల్‌లో, సరిగ్గా పోలింగ్ జరుగుతున్న రోజుల్లో ఒక కంపెనీ ఒక పార్టీకి వంద కోట్ల చెక్కు ఇచ్చిందనుకోండి. అది 2024-25 లెక్కలోకి వస్తుంది. ఆ సంవత్సరం 2025 మార్చి 31తో ముగుస్తుంది. రిపోర్టు వేయడానికి మామూలుగా ఆ ఏడాది అక్టోబరు దాకా గడువు. ఓటు వేసిన ఏడాదిన్నరకు ఓటరుకు ఆ చెక్కు సంగతి తెలుస్తుంది. పెళ్లయ్యాక జాతకాలు చూసుకున్నట్టు.

దీన్నే ఇంకో దానితో పోల్చి చూడండి. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఇవాళ ప్రతి అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అఫిడవిట్‌లో రాసివ్వాలి. నామినేషన్ వేసీ వేయగానే అది ఎన్నికల సంఘం సైట్లో కనిపిస్తుంది. పోలింగుకు ముందు మేం అవి చదువుతాం, పోల్చుకుంటాం. ఒక అభ్యర్థి భార్య పేరు మీద ఎన్ని తులాల బంగారం ఉందో ఓటు వేసే ముందే తెలుస్తుంది. ఆ అభ్యర్థిని నిలబెట్టిన పార్టీకి వందల కోట్లు ఎవరిచ్చారో ఏడాదిన్నర తర్వాత గానీ తెలియదు. ఈ రెండింటిలో దేశం నడకను మార్చగలిగేది ఏదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

దీనికి కోర్టు అక్కర్లేదు, రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 29సి సెక్షన్‌లో గడువు మార్చే చిన్న సవరణ చాలు. ఆ చట్టం మీ శాఖదే. మామూలు రోజుల్లో మూడు నెలలకోసారి, ఎన్నికల షెడ్యూలు వచ్చిన దగ్గర్నుంచి వారానికోసారి పార్టీలు విరాళాల లెక్క చెప్పాలని పెట్టండి. బ్రిటన్‌లో పెద్ద పార్టీలు ఇలాగే చేస్తున్నాయి, సాధారణ ఎన్నికలప్పుడు వారం వారం లెక్క ఇస్తాయి. యూపీఐలో పది రూపాయలు పంపితే రెండు సెకన్లలో మెసేజ్ వచ్చే దేశం మనది. వందల కోట్ల చెక్కుకు ఏడాదిన్నర పట్టడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు.

కంపెనీల భయం సంగతి కూడా చెప్పాలి. పేరు బయటపడితే అవతలి పార్టీ కక్ష కడుతుందని, అందుకే గోప్యత కావాలని 2017లో ఆర్థిక మంత్రిగా ఉన్న అరుణ్ జైట్లీ గారు, ఆయన ప్రభుత్వం వాదించాయి. మా బల్ల దగ్గర ఆ వాదనను సీరియస్‌గా తీసుకున్నది కాంట్రాక్టరే. ఆయన మామూలుగా ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు మాత్రం చెప్పాడు: "మీరంతా ఇచ్చేవాడు ఆశతో ఇస్తాడనుకుంటున్నారు. భయంతో ఇచ్చేవాడూ ఉంటాడు సార్. పని చేసి బిల్లు పెట్టాక, ఆ బిల్లు ఎవరి టేబుల్ మీద ఆగిందో తెలిసినవాడికి చందా ఎందుకిస్తాడో తెలుస్తుంది." ఎవరికిచ్చాడో, ఎంతిచ్చాడో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. డబ్బుతో కంపెనీ ప్రభుత్వాన్ని కొంటుందని మనం అనుకుంటాం. అధికారం కంపెనీ మెడ మీద చెయ్యేసి వసూలు చేసుకోవడం దానికి రెండో వైపు. కానీ ఆలోచించిన కొద్దీ నాకు అనిపించింది, ఆ భయానికి గోప్యత మందు కాదు. బాండు అమ్మింది ప్రభుత్వ బ్యాంకు. కొన్నవాడి కేవైసీ దాని దగ్గరే ఉంది. అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే నంబరు ప్రతి బాండు మీదా ఉందని 2018లోనే ఒక జర్నలిస్టు ల్యాబులో పరీక్ష చేయించి బయటపెట్టారు. అంటే కావాలనుకుంటే అధికారంలో ఉన్నవారికి తెలిసే వీలుంది, తెలియనిది ప్రతిపక్షానికీ, ఓటరుకూ. ధర్మాసనం కూడా ఈ లోపాన్ని ఎత్తిచూపింది. చీకట్లో వసూలు చేసేవాడికి చీకటే బలం. మా కాంట్రాక్టరు పేరు, ఆయనిచ్చిన మొత్తం, ఆ వారమే అందరూ చూసేలా పడితే, బిల్లు ఆపినవాడికి కూడా కాస్త వెనకాముందూ చూసుకోవాల్సి వస్తుంది.

ఆ రోజు అమ్మాయి అడిగిన ప్రశ్నకు మాలో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. తను నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో సిప్ కడుతుంది, ఆ ఫండు కంపెనీల వాటాలు కొంటుంది. ఒక కంపెనీ వార్షిక నివేదిక ఫోన్లో తీసి, లాభనష్టాల ఖాతా కింద నోట్స్‌లో ఒక లైను చూపించింది. రాజకీయ పార్టీలకు విరాళం, పక్కన ఒక అంకె. పార్టీ పేరు లేదు, కారణం లేదు. "ఈ డబ్బులో నావి ఎన్నో కొన్ని ఉన్నాయి కదంకుల్. నేను ఓటు వేయని పార్టీకి నా డబ్బు ఇవ్వమని నేనెప్పుడు చెప్పాను?" అంది.

ఈ ప్రశ్న కొత్తది కాదు మంత్రిగారూ. 1957లోనే బొంబాయి హైకోర్టు ముందుకొచ్చింది. పార్టీలకు విరాళాలిచ్చే వీలుగా టాటా ఐరన్ అండ్ స్టీల్ తన మెమోరాండం, అంటే కంపెనీ ఏ పనులు చేయొచ్చో చెప్పే పత్రం, మార్చుకుంటానంటే ఒక వాటాదారు అడ్డం తిరిగాడు. చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి కోర్టు కంపెనీకే అనుమతిచ్చింది. కానీ ప్రధాన న్యాయమూర్తి చాగ్లా ఆ తీర్పులోనే, ఈ డబ్బు పెరిగి పెరిగి ప్రజాస్వామ్యం గొంతు నులిమే ప్రమాదం ఉందని పార్లమెంటును హెచ్చరించారు. ఆ తర్వాత మనం చేసిందేమిటంటే, 1969లో కంపెనీ విరాళాలు పూర్తిగా నిషేధించాం. చెక్కు ఆగింది గానీ డబ్బు ఆగలేదు, నల్లడబ్బు దారి పట్టింది. 1985లో మళ్లీ అనుమతిచ్చి, లాభంలో 5 శాతం దాటకూడదన్నాం. 2013 చట్టంలో మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం చేశాం. 2017లో ఆ గీత కూడా చెరిపేశాం, రాజ్యసభ ఆపడానికి వీల్లేకుండా ద్రవ్య బిల్లులో పెట్టి. బాండ్లతో పాటు కోర్టు ఆ సవరణనూ కొట్టేయబట్టి 7.5 శాతం మళ్లీ వచ్చింది.

నిషేధించమని నేను అడగను. 1969 అనుభవం చూశాక ధైర్యం చాలదు. మా టీచరు గారు మాత్రం నిషేధమే సరైనదంటారు. ఫ్రాన్స్‌లో 1995 నుంచి కంపెనీలు పార్టీలకు ఇవ్వడానికి వీల్లేదని గుర్తుచేస్తారు. ఓటు మనిషికి ఉంది గానీ కంపెనీకి లేదు, ఓటు లేనివాడికి పార్టీని పోషించే పనేమిటని ఆవిడ వాదన. ఆ వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదని ఒప్పుకుంటాను.

కానీ ఇద్దరం ఒప్పుకునేది ఒకటుంది. ఇవ్వాలో వద్దో డైరెక్టర్ల బోర్డు నలుగురూ కూర్చుని తేల్చే విషయం కాదది. విరాళానికి బోర్డు తీర్మానం బదులు వార్షిక సర్వసభ్య సమావేశంలో వాటాదారుల తీర్మానం ఉండాలని 2015లో లా కమిషన్ 255వ నివేదికలో చెప్పింది. లా కమిషన్ మీ శాఖ కిందదే. ఆ నివేదిక అల్మారాలోంచి తీయించండి. బ్రిటన్ 2000లోనే ఈ పద్ధతి పెట్టుకుంది, అక్కడి కంపెనీలు దివాలా తీయలేదు.

కంపెనీల దగ్గర చందాలు తీసుకుని పార్టీలకు పంచే ఎలక్టోరల్ ట్రస్టుల గురించి క్లుప్తంగా చెబుతాను. బాండ్లు పోయాక పెద్ద కంపెనీల డబ్బు ఎక్కువగా ఈ దారిలో నడుస్తోంది. ట్రస్టు ఎవరి దగ్గర తీసుకుందో చెబుతుంది, ఎవరికిచ్చిందో చెబుతుంది. కానీ ఇరవై కంపెనీల డబ్బు ఒకే కుండలో పోసి నాలుగు పార్టీలకు పంచితే, ఏ కంపెనీది ఏ పార్టీకి వెళ్లిందో పైవాడికే తెలియాలి. ఫలానా మొత్తం ఫలానా పార్టీకి అని కంపెనీ చేతే రాయిస్తే ఈ ముడి విడిపోతుంది.

ఇంకొక్క సంగతి. 2017 మే 26న ఎన్నికల సంఘం మీ శాఖకు ఒక ఉత్తరం రాసింది. బాండ్ల విరాళాలను లెక్కలో చూపనక్కర్లేదనడం తిరోగమనమని, ఆ సవరణ వెనక్కి తీసుకోవాలని అందులో ఉంది. రాసింది నాలాంటి రిటైర్డ్ మనిషి కాదు, రాజ్యాంగ సంస్థ. ఆ ఉత్తరాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అందులోని మాటే ఏడేళ్ల తర్వాత సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మధ్యలో 16,000 కోట్లకు పైగా విలువైన బాండ్లు అమ్ముడయ్యాయి, 2019 లోక్‌సభ ఎన్నిక పూర్తిగా ఆ చీకట్లోనే జరిగిపోయింది. అప్పుడు మంత్రి మీరు కాకపోవచ్చు. కానీ ఆ ఫైలు మీ శాఖలోనే ఉండాలి. ఒకసారి తెప్పించుకుని చదవమని నా మనవి.

మా ఆదివారం చర్చలు ఇప్పుడు మళ్లీ పాత దారిలోకి వచ్చాయి. పోయిన వారం ఎలక్ట్రీషియన్ ఏదో కంపెనీ పేరు ఎత్తి, ఆ కంపెనీ ఇవాళ ఎవరికిస్తోందో అన్నాడు. "ఎవరికి తెలుసు సార్, అందరూ అందరే" అన్నారు వెనక నుంచి. ఆ మాట వినగానే ఒంట్లో ఏదో నీరసం వచ్చింది. రెండేళ్ల కింద ఇదే బల్ల మీద స్కేలు పెట్టి వెతికిన మనుషులే వీళ్లు. వాళ్లకు ఆసక్తి పోలేదు, వాళ్ల చేతిలో కాగితం లేదు.

ఆ పాత జాబితాల ప్రింట్లు ఇప్పటికీ గ్రంథాలయం అల్మారాలో దారం కట్టి ఉన్నాయి. మీ దగ్గర్నుంచి జవాబొస్తే వాటి పక్కనే పెట్టి, అందరి ముందూ పైకి చదువుతాం. రాకపోతే మళ్లీ రాస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, ఓటరు